రేపు ప్రభువు బల్ల, నా మనసు మాత్రం సిద్ధంగా లేదు. వాగ్దానాలను ఎలా నమ్మాలి?

ఆవగింజ
శనివారం, మధ్యాహ్నం 3:20

అందరికీ వందనాలు. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి. మేము మల్కాజ్‌గిరిలో ఉంటాం.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక మా చర్చిలో వాగ్దానం కార్డులు ఇస్తారు. పళ్ళెంలో బోర్లించి పెడతారు, ఒక్కొక్కరం వెళ్ళి ఒకటి తీసుకుంటాం. నా బైబిల్లో నాలుగేళ్ళ కార్డులు ఉన్నాయి. మొన్న వచ్చింది యిర్మీయా 29:11, నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అనే మాట. అంతకుముందు ఏడాదిది ద్వితీయోపదేశకాండము 28:13, నిన్ను తలగా నియమిస్తానే గాని తోకగా కాదు అనే మాట. దాన్ని సంతోషంగా ఫ్రిజ్ మీద అంటించాం. ఆ ఏడాది మార్చిలో మా ఆయన ఉద్యోగం పోయింది. పదకొండు నెలలైంది. ఇంటర్వ్యూలకు వెళ్తూనే ఉన్నారు. కార్డు ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. తీసేయడానికి భయం, చూడటానికి బాధ.

నేను క్వాయర్‌లో పాడతాను. ఈ మధ్య నోరు పాడుతుంటుంది, మనసు పిల్లల ఫీజు, ఈఎంఐ లెక్కలు వేస్తుంటుంది. ఆదివారం ఉదయం ఇంట్లో ఏదో ఒక గొడవ జరగకుండా బయలుదేరడం లేదు. మా ఆయన నన్నూ పిల్లల్నీ గేటు దగ్గర దింపి, ఎదురుగా టీ కొట్టు దగ్గర బండి మీదే కూర్చుంటారు. లోపలికి రారు. ఇంటింటి ప్రార్థనకు వచ్చిన ఒక పెద్దావిడ, "నీ విశ్వాసం తక్కువ, అందుకే ఆగింది" అన్నారు. ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది.

రేపు మొదటి ఆదివారం. ప్రభువు బల్ల ఉంది, యేసును గుర్తు చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటాం. ఈ మనసుతో బల్ల దగ్గరికి వెళ్ళవచ్చా? ఆ కార్డు మీది మాట నిజంగా నాకేనా?

నైట్ షిఫ్ట్
శనివారం, మధ్యాహ్నం 3:52

అక్కా, పెద్ద జవాబు నా దగ్గర లేదు. నేను గచ్చిబౌలిలో రాత్రి డ్యూటీ చేస్తాను. శనివారం రాత్రి కూడా పని పడితే ఆదివారం ఉదయం నేరుగా చర్చికే వెళ్తాను. మొదట్లో వాక్యం మొదలవగానే నిద్ర వచ్చేది, సిగ్గుతో చచ్చిపోయేవాడిని. ఇప్పుడు మెట్రో ఎక్కగానే ఫోన్ జేబులో పెట్టేసి ఒక కీర్తన నోటికి తెచ్చుకుంటాను. 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను యాత్ర కీర్తనలు యెరూషలేముకు ఎక్కివెళ్ళే వాళ్ళు పాడుకున్నవని మా అయ్యగారు చెప్పారు. దారిలో పాడుకోవడానికే దేవుడు పాటలు ఇచ్చాడంటే, దారిలో కూడా ఆరాధన ఉన్నట్టే కదా అనిపించింది. అప్పటినుంచి గేటు దగ్గరికి వచ్చేసరికి మనసు సగం దిగి ఉంటుంది.

మీ కోసం ప్రార్థిస్తాను అక్కా. అన్నయ్యది ఏ రంగమో చెప్పండి, మా ఆఫీసులో అడుగుతాను.

బెరయవాడు
శనివారం, సాయంత్రం 4:35

సిస్టర్, మీ రెండో ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను. కఠినంగా అనిపిస్తే క్షమించండి.

యిర్మీయా 29వ అధ్యాయం ఒక ఉత్తరం. యెరూషలేములో ఉన్న ప్రవక్త, బబులోనుకు చెరపట్టబడి వెళ్ళిన వాళ్ళకు రాసింది. కార్డు మీద 11వ వచనం ఒక్కటే ఉంటుంది. దానికి ముందు 10వ వచనంలో డెబ్బై సంవత్సరాలు అని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు, బబులోనులోనే చనిపోయారు. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట వాళ్ళకు చెప్పిందే. అయినా వాళ్ళ ఆయుష్షులో వాళ్ళకు దొరికినది ఇంటికి తిరుగు ప్రయాణం కాదు. 5 నుంచి 7 వచనాలు చూడండి. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంటుంది.

కాబట్టి ఆ వచనం ఈ సంవత్సరం ఉద్యోగం వస్తుందని ఇచ్చిన హామీ కాదు. ద్వితీయోపదేశకాండము 28 కూడా అంతే. అది ఇశ్రాయేలు జనమంతటితో దేవుడు చేసిన నిబంధనలో, అంటే ఒడంబడికలో, విధేయతకు దీవెన, అవిధేయతకు శాపం అని చెప్పే భాగం. ఒక వ్యక్తికి ఒక ఏడాదికి ఇచ్చిన మాట కాదు. కార్డు ప్రింటు చేసిన వాళ్ళు అబద్ధం చెప్పలేదు. కానీ ఒక వచనాన్ని దాని ఇంట్లోంచి బయటికి లాక్కొచ్చినప్పుడు అది మనకు కావలసినట్టు వినిపిస్తుంది.

మౌనం
శనివారం, సాయంత్రం 5:10

బ్రదర్, మీరు రాసింది తప్పని అనను. కానీ పదకొండు నెలలుగా జీతం లేని ఇంటికి డెబ్బై ఏళ్ళ లెక్క చెబితే ఆ తల్లి రాత్రికి ఏం చేసుకోవాలి?

నా సంగతి చెబుతాను. మాకు పెళ్ళయిన ఆరేళ్ళకు బిడ్డ కడుపున పడింది. ఏడో నెలలో డాక్టరు అనుమానం చెప్పారు. ఒక ప్రార్థన కూడికలో ఒకాయన మా ఆవిడ తల మీద చేయి పెట్టి, "బిడ్డ బతుకుతుంది, ప్రభువు నాతో చెప్పాడు" అన్నారు. మేము నమ్మాం. అనుమానం లేకుండా నమ్మాం. బిడ్డ పుట్టిన మూడో రోజున నారాయణగూడ సమాధుల తోటలో పాతిపెట్టి వచ్చాం. తర్వాత ఆయనే ఫోన్ చేసి, మీలో ఎవరికో అవిశ్వాసం ఉంది అన్నారు.

రెండేళ్ళు దాటింది. మా ఆవిడ వెళ్తుంది. నేను వెళ్ళను. దేవుడు లేడని అనను. ఆయన మాట ఇచ్చాడని ఎవరైనా అంటే మాత్రం లేచి బయటికి వెళ్ళిపోతాను.

ఆవగింజ చెల్లెమ్మా, మీ ఆయన టీ కొట్టు దగ్గర కూర్చుంటున్నారని రాశారు. ఆయన్ను ఏమీ అనకండి. గేటు వరకు రావడం చిన్న విషయం కాదు.

నిర్వాహకులు
శనివారం, సాయంత్రం 5:18

మౌనం బ్రదర్, రాసినందుకు వందనాలు. సభ్యులందరికీ మనవి: ఈ పోస్టు కింద దయచేసి ఉపదేశం వద్దు.

బెరయవాడు
శనివారం, సాయంత్రం 5:44

అన్నయ్యా, క్షమించండి. పుస్తకం తెరిచిన తొందరలో మనిషిని చూడలేదు.

ఒక్క సంగతి మాత్రం మీకోసం రాస్తాను, ఉపదేశంగా కాదు. నేను చెప్పిన ఆ ఉత్తరానికి ముందు 28వ అధ్యాయం ఉంది. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందు నిలబడి, రెండు సంవత్సరాలలోగా అంతా బాగైపోతుంది, చెరలోకి పోయిన వాళ్ళు తిరిగి వస్తారు అని యెహోవా పేరిట చెప్పాడు. బబులోనుకు లొంగి ఉండటానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు. అందరికీ నచ్చే మాట అది. యిర్మీయా కూడా మొదట, ఆమేన్, యెహోవా అలాగే చేయునుగాక అన్నాడు. ఆయనకు కూడా అది నిజమైతే బాగుండనిపించింది. కానీ దేవుడు హనన్యాను పంపలేదు. జనం అబద్ధాన్ని నమ్ముకొనేలా చేశావని ప్రవక్త అతని ముఖం మీదే చెప్పాడు.

అక్కడ దేవుడు నమ్మిన జనాన్ని నిందించలేదు, చెప్పినవాణ్ణి నిందించాడు. మీకు ఆ మాట చెప్పినవాడు తప్పు చేశాడు. మీరూ మా వదినగారూ తప్పు చేయలేదు.

మౌనం
శనివారం, సాయంత్రం 6:02

ఈ అధ్యాయం నాకు ఎవరూ చూపించలేదు. చదువుతాను.

ఆల్టో
శనివారం, సాయంత్రం 6:30

కార్డుల గురించి ఒక మాట. మా అమ్మమ్మ దగ్గర ఒక చిన్న రేకు డబ్బా ఉండేది. అందులో చుట్టి పెట్టిన కాగితాలు, ఒక్కోదాని మీద ఒక్కో వచనం. రోజూ పొద్దున ఒకటి తీసి చదివి, మళ్ళీ చుట్టి అందులోనే పెట్టేది. ఆమెకు చదువు రాదు, ఆ కాగితాల కోసమే అక్షరాలు నేర్చుకుంది. చనిపోయే నాటికి ఆమెకు కంఠస్థంగా ఉన్న వచనాలు ఈ రోజు మన చర్చిల్లో చాలామందికి లేవు. అందుకే కార్డును తప్పుపడితే నాకు మనసు ఒప్పుకోదు.

తేడా ఏమిటంటే, అమ్మమ్మ ఆ కాగితాన్ని ఈ రోజు నాకేం దొరుకుతుంది అని తెరిచేది కాదు. ఈ రోజు ప్రభువు ఎలాంటివాడని గుర్తుచేసుకోవాలి అని తెరిచేది. మేము చిన్నప్పుడు అడిగితే అదే చెప్పింది.

లాలాగూడ తాత
శనివారం, సాయంత్రం 7:15

పిల్లలూ, నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాడిని. నాకు టైపు చేయడం నిదానం, ఓపికగా చదవండి.

అమ్మా ఆవగింజా, ఆదివారం ఉదయం గొడవ లేకుండా బయలుదేరడం లేదన్నావు. మా ఇంట్లో కూడా ఐదుగురు పిల్లలం, రెండు గదుల రైల్వే క్వార్టరు, ఒకే కుళాయి. ఆదివారం ఉదయమే అన్నీ చేద్దామంటే యుద్ధం జరిగేది. అందుకని మా నాన్నగారు శనివారం సాయంత్రానికే పని అంతా ముగించేవారు. బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడిచేసి ఐదుగురి బట్టలూ ఆయనే ఇస్త్రీ చేసేవారు. చెప్పులు తుడిచి వరసగా గుమ్మం పక్కన పెట్టించేవారు. కానుక డబ్బులు విడిగా రుమాలు మూలన కట్టి ఉంచేవారు. అమ్మ ఆదివారం కూరకు కావలసిన మసాలా అప్పుడే నూరి పెట్టేది. దీపాలు పెట్టే వేళకు చాప పరిచి కూర్చోబెట్టి మమ్మల్ని ఒకటే అడిగేవారు: ఈ వారం ఎవరితో కొట్లాడావు? చెప్పేదాకా ఊరుకునేవారు కాదు. నేను మా తమ్ముడి బొంగరం విరగ్గొట్టింది కూడా అలా బయటపడిందే. వెళ్ళి వాడి చేతులు పట్టుకొని క్షమించమని అడిగాకే అన్నం.

నాకు పెద్దయ్యాక అర్థమైంది, అది ఆయన సొంత పద్ధతి కాదని. ఆదికాండము మొదటి అధ్యాయంలో రోజు సాయంత్రంతో మొదలవుతుంది, అస్తమయమూ ఉదయమూ కలుగగా ఒక దినం అని. నిర్గమకాండము 16లో ఎడారిలో దేవుడిచ్చిన ఆహారమైన మన్నాను ఆరో రోజున రెండింతలు పోగుచేసుకోమన్నాడు, విశ్రాంతి దినాన ఆ పని పెట్టుకోవద్దని. మార్కు సువార్త 15లో ప్రభువును సమాధి చేసిన రోజుకు "సిద్ధపరచు దినము" అనే పేరే ఉంది. సిద్ధపడటానికి ఒక రోజునే కేటాయించిన జనం వాళ్ళు. మనమేమో ఆదివారం తొమ్మిదింటికి లేచి, తొమ్మిదిన్నరకు హృదయం సిద్ధంగా లేదని బాధపడుతున్నాం.

ఇక మత్తయి 5:23, 24. బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తుండగా సహోదరునికి నీమీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు. నీకు అతనిమీద ఉంటే అనలేదమ్మా, అతనికి నీమీద ఉంటే అన్నాడు. ఇది నేను యాభై ఏళ్ళు చదివి కూడా తప్పుగానే చదివాను.

ఈ రాత్రి మీ ఆయనతో మాట్లాడు. ఉద్యోగం సంగతి వద్దు, ఫీజు సంగతి వద్దు. "మీకు నామీద ఏమైనా బాధ ఉందా?" అని ఒక్కటే అడుగు.

ఆవగింజ
శనివారం, రాత్రి 7:50

తాతగారూ, కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అడుగుతాను. భయంగా ఉంది, కానీ అడుగుతాను.

మౌనం అన్నయ్యా, మీ పోస్టు మా ఆయనకు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక, గేటు గురించి రాసిన ముక్క మళ్ళీ చదవమన్నారు.

నైట్ షిఫ్ట్ తమ్ముడూ, ఆయనది అకౌంట్స్. విడిగా మెసేజ్ పెడతాను.

బెరయవాడు గారూ, మీరు చెప్పింది అర్థమైంది. ఉద్యోగం నాకు వాగ్దానం చేయలేదు, సరే. మరి నాకు వాగ్దానం చేసింది ఏమిటి? నేను దేన్ని పట్టుకోవాలి?

సండే స్కూల్ టీచర్
శనివారం, రాత్రి 8:25

చెల్లీ, దీనికి నేను రాయనా? పిల్లలకు అబ్రాహాము పాఠం చెప్పి చెప్పి కొంచెం అలవాటు.

సంతానం ఇస్తానన్న దేవుని మాట నమ్మి ఆయన హారాను అనే ఊరి నుంచి బయలుదేరినప్పుడు 75 ఏళ్ళు. ఆ బిడ్డ ఇస్సాకు పుట్టినప్పుడు 100. మధ్యలో 25 ఏళ్ళు. ఒకసారి తరగతిలో ఒక పాప లేచి, "టీచర్, దేవుడు మర్చిపోయాడా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచక ఆ అధ్యాయాలన్నీ ఆ పాపతోనే కలిసి మళ్ళీ చదివాను. అప్పుడు చూశాను, ఆ 25 ఏళ్ళలో దేవుడు పదేపదే వచ్చాడు. నక్షత్రాలు చూపించాడు. పేరు మార్చాడు. మమ్రే సింధూరవనంలో గుడారం గుమ్మం దగ్గరికి వచ్చి భోజనం చేశాడు. మధ్యలో అబ్రాహాము తొందరపడి దాసి హాగరు ద్వారా బిడ్డను కన్నాడు, అప్పటికి ఆయనకు 86. అయినా దేవుడు నిబంధన తెంచుకోలేదు. బిడ్డ రాకముందు ఆ 25 ఏళ్ళూ ఆయనకు ఏం దొరికింది అంటే, దేవుడే దొరికాడు.

పట్టుకోవడానికి ఏముంది అని అడిగావు. నేను పట్టుకొన్నవి చెబుతాను. సదాకాలము మీతో ఉన్నాను అన్నది, మత్తయి 28:20. నిన్ను విడువను, ఎడబాయను అన్నది, హెబ్రీయులకు 13:5. అది డబ్బు గురించి చెబుతూ అన్న మాటే, ఆ వచనం మొదలు చూడు, ధనాపేక్ష లేకుండా ఉన్నదానితో తృప్తిపడమంటూ వస్తుంది. ఇక క్రీస్తు ప్రేమ నుంచి మనల్ని ఎడబాపేది ఏదీ లేదన్నది, రోమా 8. అక్కడ పౌలు రాసిన జాబితాలో కరవు కూడా ఉంది, వస్త్రహీనత కూడా ఉంది. అవి రావని చెప్పలేదు. వచ్చినా విడదీయలేవు అన్నాడు.

2 కొరింథీ 1:20లో దేవుని వాగ్దానాలు ఎన్ని ఉన్నా అన్నీ క్రీస్తులో అవును అన్నట్టే ఉన్నాయని ఉంది. రేపు బల్ల మీద రొట్టె చేతిలో పెట్టుకున్నప్పుడు ఆ "అవును" నీ చేతిలో ఉంటుంది. నేనైతే అలా అనుకొని తీసుకుంటాను.

గన్‌ఫౌండ్రీ
శనివారం, రాత్రి 8:40

నేను కతోలికురాలిని. మా ఇంట్లో ఆచారం వేరు కాబట్టి క్లుప్తంగా. మేము దివ్యసత్ప్రసాదం, అంటే మీరు ప్రభువు బల్ల అనేది, తీసుకొనే ముందు కనీసం గంటసేపు నీళ్ళు, మందులు తప్ప ఏమీ తీసుకోము. పూజ మొదట్లోనే పాపాలు ఒప్పుకొనే ప్రార్థన ఉంటుంది, వాక్యం దాని తర్వాతే. చిన్నప్పుడు అదొక నియమం అనుకున్నాను. ఇప్పుడు ఆ గంట ఆకలి నాకు ఇష్టం. ఒంటికి కూడా తెలుస్తుంది, దేనికోసమో ఎదురు చూస్తున్నామని.

నర్సమ్మ
శనివారం, రాత్రి 9:30

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. ఆవగింజా, నీ మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. నేను చెబుతాను. వెళ్ళు.

1 కొరింథీ 11:28 చూపించి చాలామంది భయపెడతారు. "తన్ను తాను పరీక్షించుకొనవలెను" అక్కడ ఆగిపోతారు. దాని తర్వాత "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను" అని ఉంది. పరీక్షించుకొని ఇంటికి పొమ్మనలేదు. ఆ ఉత్తరం అందుకున్న కొరింథు సంఘంలో జరిగిన తప్పు కూడా వేరు. ఉన్నవాళ్ళు ముందే తినేసి లేనివాళ్ళను ఆకలితో వదిలేశారు. నువ్వు చేసినది అది కాదు. ఫీజు కట్టలేక కుమిలిపోవడం అయోగ్యత కాదు తల్లీ.

హన్నా కథ చూడు. 1 సమూయేలు మొదటి అధ్యాయం. ఏటేటా షిలోహుకు ఆరాధనకు వెళ్ళేది, వెళ్ళిన ప్రతిసారీ పిల్లలు లేరని సవతి ఎత్తిపొడిచేది, ఈమె ఏడ్చి భోజనం మానేసేది. అంటే వాళ్ళింట్లో కూడా ఆరాధనకు వెళ్ళే రోజునే గొడవ. అలాంటి మనసుతోనే మందిరంలో నిలబడింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. యాజకుడైన ఏలీ చూసి తాగి వచ్చిందనుకున్నాడు. మనుషులు తప్పుగా అనుకోవడం కొత్త కాదు, నీకు పెద్దావిడ ఎదురైతే ఆమెకు ఏకంగా ఏలీయే ఎదురయ్యాడు. ఆమె ఏమంది? నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకొనుచున్నాను అంది.

ఆ తర్వాతది నాకు చాలా ఇష్టం. ఆమె వెళ్ళి భోజనం చేసింది, అప్పటినుంచి దుఃఖముఖిగా ఉండలేదు. బిడ్డ అప్పటికి పుట్టలేదు, కడుపున కూడా పడలేదు. మర్నాడు పొద్దున్నే లేచి మొక్కి ఇంటికి వెళ్ళారు. మారింది ఏమిటంటే గుండెలో ఉన్నదంతా బయటికి వచ్చింది, అంతే.

62వ కీర్తన 8వ వచనంలో ఇదే మాట. "ఆయనయందు నమ్మికయుంచుడి, ఆయన సన్నిధిని మీ హృదయములు కుమ్మరించుడి." నమ్మడమూ కుమ్మరించడమూ ఒకే వచనంలో పక్కపక్కన ఉన్నాయి. మనం మాత్రం నమ్మేవాళ్ళు ఏడవకూడదు అని నేర్చుకున్నాం. నేను వార్డులో రోజూ చూస్తాను, నొప్పి ఎక్కడుందో చెప్పే పేషెంటే డాక్టరును నమ్మిన పేషెంటు. ఏమీ లేదు బాగానే ఉన్నాను అనే మనిషితో మాకు భయం.

హృదయం సిద్ధం చేసుకోవడం అంటే కడిగి తుడిచి ఖాళీ చేసి తీసుకెళ్ళడం అని నేను అనుకోను. మూత తీసి పట్టుకెళ్ళడం. రేపు నీ ఈఎంఐ లెక్కలతోనే వెళ్ళు. పాట మధ్యలో అవి గుర్తొస్తే తరిమేయకు, ఆ అంకెనే ఆయనకు చెప్పు. ఇంత కట్టాలి ప్రభువా అని అంకెతో సహా చెప్పు.

బెరయవాడు
శనివారం, రాత్రి 9:55

నర్సమ్మ గారు రాసినదానికి ఒకటి కలుపుతాను, ఈసారి చిన్నదే. 2 దినవృత్తాంతములు 30. హిజ్కియా రాజు పస్కా పండుగ చేశాడు. ఆచరించాల్సిన నెలలో యాజకులు సిద్ధంగా లేక రెండో నెలకు జరిపారు. ఉత్తర గోత్రాల నుంచి వచ్చిన చాలామంది విధి ప్రకారం శుద్ధి చేసుకోకుండానే తినేశారు. హిజ్కియా వాళ్ళను బయటికి పంపలేదు. దేవుణ్ణి వెదకడానికి మనసు నిలుపుకొన్న ప్రతివాణ్ణీ క్షమించు అని వాళ్ళ పక్షంగా ప్రార్థించాడు. యెహోవా ఆ ప్రార్థన విని జనాన్ని స్వస్థపరిచాడు.

సిద్ధపాటు అక్కర్లేదని దీని అర్థం కాదు, తాతగారు చెప్పిన శనివారం నాకు చాలా అవసరం. కానీ సిద్ధపాటు సరిపోని వాళ్ళ కోసం ప్రార్థించే రాజు ఒకడున్నాడు. మనకు అంతకన్నా గొప్ప రాజు ఉన్నాడు.

లాలాగూడ తాత
శనివారం, రాత్రి 10:20

నిద్రపోయే ముందు ఒక మాట గుర్తొచ్చింది. మా తాతయ్య మెదక్ చర్చి కట్టేటప్పుడు కూలికి వెళ్ళినవాడు. పని 1914లో మొదలై, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. పదేళ్ళు. కరవు రోజులు, పనికి పోతే తిండి. ఇప్పుడు అందరూ వెళ్ళి ఎత్తైన గోపురానికి ఫోటోలు తీసుకుంటారు, బాగుంటుంది. మా తాతయ్య మాత్రం గోపురం గురించి ఎప్పుడూ చెప్పలేదు. రాళ్ళు మోసే ముందు మేస్త్రీ అందర్నీ నిలబెట్టి ప్రార్థన చేసేవాడని, అర్ధాకలితో ఆమేన్ అన్నామని చెప్పేవాడు. ఆయనకు గుర్తున్న ఆరాధన అదే.

పడుకోండి అమ్మా. ఫోన్లు పక్కన పెట్టేయండి.

ఆవగింజ
ఆదివారం, మధ్యాహ్నం 2:40

అందరికీ వందనాలు. ఇంటికి వచ్చి వంట చేసి, పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను.

రాత్రి ఆయన్ను అడిగాను, మీకు నామీద ఏమైనా బాధ ఉందా అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. ఫ్రిజ్ మీది ఆ కార్డు చూసినప్పుడల్లా, తలగా ఉండాల్సినవాడివి తోకగా అయ్యావని నేను రోజూ గుర్తు చేస్తున్నట్టు ఉంటుందట. నేను ఎప్పుడూ అలా అనుకోలేదు. కానీ ఆయనకు అలా ఉంది. లేచి కార్డు తీసి బైబిల్లో మిగతా వాటితో పెట్టేశాను. దేవుని మాట తీసేస్తున్నానన్న భయం వేయలేదు. యిర్మీయా 29 మొదటి నుంచీ ఇద్దరం కలిసి చదివాం. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అన్న చోట ఆయన ఆగి, మనమూ గుంటూరు నుంచి వచ్చి పదేళ్ళైంది, ఈ ఊరికోసం ఎప్పుడైనా ప్రార్థన చేశామా అన్నారు. చేయలేదు. చేశాం.

బట్టలు రాత్రే ఇస్త్రీ చేసి పెట్టాను. పొద్దున చిన్న గొడవ జరిగింది, పెద్దవాడి షూ ఒకటి దొరకలేదు. అయినా అది షూ గొడవగానే ఉండిపోయింది.

ఆయన లోపలికి వచ్చారు. చివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నారు. బల్ల దగ్గరికి రాలేదు, నేను పిలవలేదు. నేను క్వాయర్‌లో రెండో పాట మూడో చరణం దగ్గర పాడలేకపోయాను. అంకె గుర్తొచ్చింది. నర్సమ్మ అక్క చెప్పినట్టే చెప్పాను, పద్దెనిమిది వేల నాలుగు వందలు ప్రభువా, పదో తారీఖు. అలా చెబుతుంటే ఏడుపు వచ్చింది. పక్కనున్న అమ్మాయి నా వంతు కూడా పాడింది. తర్వాత రొట్టె తీసుకున్నాను.

ఉద్యోగం సంగతి ఇంకా ఏమీ తెలియదు. నైట్ షిఫ్ట్ తమ్ముడికి రెజ్యూమె పంపాం.

నర్సమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 3:05

ఆ పక్కనున్న అమ్మాయికి నా ముద్దులు చెప్పు.

నైట్ షిఫ్ట్
ఆదివారం, సాయంత్రం 4:15

అందింది అక్కా. సోమవారం మా మేనేజరుకు ఇస్తాను. ఖాళీ ఉందో లేదో అడిగి నిజం చెబుతాను, ఊరికే ఆశ పెట్టను.

మౌనం
ఆదివారం, రాత్రి 8:50

నేను ఈ రోజు ఎక్కడికీ వెళ్ళలేదు. మా ఆవిడ చర్చికి వెళ్ళాక ఇంట్లో కూర్చొని యిర్మీయా 28 చదివాను. ఆ మనిషి మీద రెండేళ్ళుగా ఉన్న కోపం తగ్గలేదు. కానీ అలాంటి అబద్ధపు మాటకు దేవుడు కూడా కోపపడ్డాడని తెలిశాక, నా కోపంలో నేను ఒంటరిగా లేననిపించింది.

తర్వాత నర్సమ్మ గారు రాసిన 62వ కీర్తన తెరిచాను, 8వ వచనం కోసం. మొదటి నుంచీ చదువుదామని పైకి వెళ్తే మొదటి వచనంలోనే "నా ప్రాణము దేవుని నమ్ముకొని మౌనముగా ఉన్నది" అని ఉంది. ఇక్కడ ఈ పేరు పెట్టుకున్నప్పుడు నాకు ఆ వచనం తెలియదు. కోపంతో పెట్టుకున్న పేరు ఇది.

8వ వచనం దాకా వెళ్ళలేకపోయాను. నాలుగో దగ్గర ఆపేశాను.

ఆవగింజ
ఆదివారం, రాత్రి 9:20

అన్నయ్యా, నాలుగు చదివారు, చాలు. మిగతావి వచ్చే శనివారం సాయంత్రం ఫోన్‌లో కలిసి చదువుదామా? మేమిద్దరం ఉంటాం, వదినగారిని కూడా కూర్చోమనండి. మా ఆయనే అడగమన్నారు.

మౌనం
ఆదివారం, రాత్రి 9:41

ఎనిమిది తర్వాతైతే ఇద్దరం ఇంట్లో ఉంటాం. నంబరు విడిగా మెసేజ్ చేస్తాను.